పిల్లల కలలు – వారి బొమ్మలు

బాణాసురుని కూతురగు ఉష కలలో నొక రాజకుమారుని జూచి, మేల్కొని, అతడెవ్వరో చెప్పలేక కలత చెందెను. చెలికత్తె చిత్రలేఖ ఆ కలకు ఫలము చెప్పబూనలేదు. దేవతల, గంధర్వుల, రాజుల రూపములను వ్రాసి యొక్కొక్కటిగా చూపెను. అనిరుద్ధుని రూపము కనబడగానే ఉష సిగ్గుతో తలవంచి నవ్వెను. భాగవత దశమస్కంధములోని యీ కథ మనమందరము విన్నదే. నోటికి రాని భావము బొమ్మవలన వెల్లడియైనది. మన పిల్లల విషయమునను ఈ మార్గము మేలైనదని మా యభిప్రాయము.

నిద్రలో కనుగ్రుడ్లు వేగముగ కదలు దశ యొకటి కలదని 1953లో షికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన ఆసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆ దశలో లేపబడినవారు తరచుగా కలలను చెప్పుదురు. అప్పుడు మెదడులో భయము మొదలగు భావములకు సంబంధించిన భాగములు చురుకుగా నుండునని తరువాత తెలియవచ్చినది. కావున కలలోని కథకు పొంతన లేకున్నను, అందలి భావము నిజమైనదే. స్విట్జర్లాండు దేశపు మనస్తత్త్వవేత్త యూంగు 1913 మొదలు తన మనస్సున దోచిన దృశ్యములను వ్రాసికొని, రంగులతో చిత్రించుచు వచ్చెను. ఆ గ్రంథము 2009లో అచ్చయినది.

మన కుందారపల్లి ప్రాంతపు తెలుగు బిడ్డలకు ఈ విషయము మరింత ముఖ్యము. ఇంట తెలుగు, వీధిలో తమిళము, పుస్తకములలో ఇంగ్లీషు. 2006 నాటి చట్టముచే తమిళము ఒకటవ తరగతి మొదలుకొని నిర్బంధ పాఠ్యభాష యైనది. మూడు భాషల నడుమ మాట తడబడు బిడ్డకు గీత తడబడదు.

చేయవలసినది స్వల్పము. ఉదయము బిడ్డ కల చెప్పవచ్చినప్పుడు కాగితము, రంగుబలపములు ఇచ్చి, గుర్తున్నంతవరకు వేయుమనవలెను. బొమ్మ బాగున్నదా లేదా యని తీర్పు చెప్పరాదు. “ఇందులో నీవెక్కడ ఉన్నావు? అప్పుడు నీకేమనిపించినది?” అని మాత్రమే అడుగవలెను. పాము కనబడినంతనే దోషమని బెదరింపరాదు. ఒక బిడ్డకు పాము భయము. మరియొకరికి నాగులచవితినాడు అమ్మతో పుట్టకు పోయిన సంతోషము. అర్థము చెప్పవలసినది పెద్దలు కాదు, కల కన్న బిడ్డయే.

బడి తలుపు మూసియుండగా తాను బయట నిలిచి యేడ్చినట్లు ఒక బాలుడు చిత్రించెననుకొందము. పరీక్షాభయమో, స్నేహితుల యెడబాటో మెల్లగా బయటపడవచ్చును. పిమ్మట “ఈ కల ఎట్లు ముగియవలెనని నీ కోరిక?” అని అడిగి, రెండవ బొమ్మ వేయింపవలెను. పీడకలలకు ముగింపును మార్చి అభ్యసించుట వైద్యులును అనుసరించు పద్ధతియే. అవే పీడకలలు వారముల తరబడి వచ్చి నిద్రాహారములు చెడినచో వైద్యుని తప్పక సంప్రదింపవలెను.

బడికి వేళయైనదని కసరి, కల చెప్పవచ్చిన బిడ్డను పంపివేయకుడని తల్లిదండ్రులకు మా మనవి. ఒక నోటు పుస్తకము, పది నిమిషముల యోపిక చాలును.