‘ఇంటికి పోవాలి’ అంటే ఏం చెప్పాలి?

2014లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు 17 మంది అల్జీమర్స్ రోగులకు కొన్ని సినిమా దృశ్యాలు చూపించారు. ఒకసారి కంటతడి పెట్టించేవి, మరోసారి కడుపుబ్బ నవ్వించేవి. కొద్ది నిమిషాల తర్వాత ఏం చూశారని అడిగితే చాలామందికి పెద్దగా గుర్తులేదు. కానీ దిగులు మాత్రం పోలేదు. చూసింది ఎంత తక్కువ గుర్తుంటే, ఆ దిగులు అంత ఎక్కువసేపు నిలిచింది.

అల్జీమర్స్ మనిషిని ఇంట్లో పెట్టుకుని చూసుకుంటున్నవాళ్లు ముందుగా తెలుసుకోవలసింది ఇదే. ‘ఎలాగూ మర్చిపోతుందిలే’ అని విసుక్కున్న మాట నిజంగానే మర్చిపోతారు. ఆ మాట పెట్టిన బాధ ఉండిపోతుంది. ఎందుకో తెలియని బాధ కాబట్టి దాన్ని ఎవరితోనూ చెప్పుకోలేరు. అది సాయంత్రానికి కోపంగానో, అన్నం వద్దనడంగానో, గదిలో అటూ ఇటూ తిరగడంగానో బయటపడుతుంది. చుట్టూ ఉన్నవాళ్లు దానికి మొండితనమనో చాదస్తమనో పేరు పెడతారు.

ఈ జబ్బు తొలిదశలోనే హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగాన్ని దెబ్బతీస్తుంది. కొత్త జ్ఞాపకాలు నిలవాలంటే అది పనిచేయాలి. క్రమంగా తర్కం, మాట కూడా సన్నగిల్లుతాయి. 1987లో అమెరికన్ నర్సింగ్ నిపుణులు గెరీ హాల్, క్యాథలీన్ బక్‌వాల్టర్ ఒక సంగతి వివరించారు. జబ్బు ముదిరేకొద్దీ ఒత్తిడిని తట్టుకునే శక్తి తగ్గుతూ వస్తుందని, అలసట, చప్పుళ్లు, మార్పులు పొద్దుటి నుంచీ పోగుపడి చివరికి ఆ శక్తి హద్దు దాటుతాయని చెప్పారు. చాలామందిలో ఆందోళన సాయంత్రమే ఎక్కువ కావడానికి ఇదొక కారణం. అందుకే పొద్దున్నే ఆసుపత్రి, మధ్యాహ్నం చుట్టాలు, సాయంత్రం గుడి అని ఒకే రోజున అన్నీ పెట్టకూడదు. మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చనివ్వాలి. పొద్దు వాలకముందే దీపాలు వేయాలి, టీవీ చర్చల అరుపులు కట్టేయాలి.

సొంత ఇంట్లోనే ఉండి, చీర సర్దుకుని, సంచి పట్టుకుని, ‘‘చీకటి పడుతోంది, మా ఇంటికి పోవాలి’’ అనే తల్లులు ఎందరో. ‘‘అమ్మా, ఇది మన ఇల్లే కదా’’ అని కొడుకు వాదిస్తే ఆమె భయం ఇంకా పెరుగుతుంది. ఆమె అడుగుతున్నది చిరునామా కాదు, తనకు తెలిసిన మనుషులు, చోటు, ధైర్యం. ‘‘పోదాంలే అమ్మా. మీ ఊళ్లో మామిడితోట ఉండేదటగా, కాయలు ఎవరు కోసేవారు?’’ అని పక్కన కూర్చుంటే కథ మొదలవుతుంది. కాఫీ వచ్చేసరికి సంచి పక్కకు పోతుంది. కొందరు దీన్ని అబద్ధం అంటారు. నిజమే చెప్పాలంటూ, ఎప్పుడో చనిపోయిన భర్త ఎక్కడని ఆమె అడిగిన ప్రతిసారీ చావు కబురు కొత్తగా వినిపించడంలో దయ ఎక్కడుంది?

చుట్టాలు చేసే పొరపాటు ఇంకొకటి ఉంది. వచ్చీ రాగానే ‘‘నేనెవరో చెప్పు చూద్దాం’’ అని పరీక్ష పెడతారు. జవాబు రాక ఆ పెద్దాయన ముఖం చిన్నబోతుంది. ‘‘బాబాయ్, నేను మీ అన్నయ్య కొడుకుని, రాజమండ్రి నుంచి వచ్చాను’’ అని ముందే చెప్పేస్తే ఇద్దరూ హాయిగా ఉంటారు.

స్నానం దగ్గర గొడవ దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. చెంబెడు నీళ్లు ఒక్కసారిగా నెత్తిన పడితే, అవి ఎక్కడి నుంచి వచ్చాయో తెలియని మనిషి బెదిరిపోతాడు. గోరువెచ్చని నీళ్లు ముందు పాదాల మీద, తర్వాత మోకాళ్ల మీద పోయాలి. భుజాల మీద తువ్వాలు కప్పి ఉంచితే సిగ్గు, చలి రెండూ తగ్గుతాయి. చెంబు ఆయన చేతికే ఇస్తే పాత అలవాటు చాలావరకు మిగతా పని చూసుకుంటుంది. చేతులకు, గొంతుకు అలవాటైన పనులు మాటలకన్నా ఎక్కువ కాలం మిగులుతాయి. చిక్కుడుకాయలు ఒలవడం, పూలు కట్టడం, బియ్యంలో రాళ్లు ఏరడం, ఘంటసాల పాటకు గొంతు కలపడం వంటివి. పూలమాల వంకరగా వచ్చినా సరిదిద్దకుండా వదిలేయాలి.

ఉన్నట్టుండి చిరాకు పెరిగితే ఒళ్లు కూడా చూడాలి. నార్వేలో 352 మంది డిమెన్షియా (అల్జీమర్స్ వంటి మతిమరుపు జబ్బుల) రోగులపై జరిపి, 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ఎక్కువమందికి పారాసిటమాల్‌తోనే నొప్పికి వైద్యం చేస్తే ఆందోళన గణనీయంగా తగ్గింది. నొప్పి ఉందని నోరు విప్పి చెప్పలేకే వాళ్లు చేయి విసిరారన్నమాట. మలబద్ధకం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, పంటి బాధ, పాడైన వినికిడి యంత్రం కూడా ఇలాగే చేస్తాయి. ఒకటి రెండు రోజుల్లోనే మనిషి పూర్తిగా మారిపోతే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. నిద్రమాత్రలు, మత్తుమందులు సొంతంగా కొని వేయకూడదు. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో యాంటీసైకోటిక్ మందులు మరణాల ముప్పు పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది.

మన ఇళ్లలో కన్నవాళ్లను వంతులవారీగా చూసుకునే పద్ధతి ఉంది. మూడు నెలలు హైదరాబాద్‌లో పెద్దవాడి దగ్గర, మూడు నెలలు విశాఖలో చిన్నవాడి దగ్గర, ఆరు నెలలు అమెరికాలో కూతురి దగ్గర. ఆరోగ్యంగా ఉన్నవారికి అది బాగానే ఉంటుందేమో. అల్జీమర్స్ మనిషికి మాత్రం ప్రతి మకాం మార్పూ బాత్రూమ్ ఎక్కడుందో మొదటి నుంచి వెతుక్కోవడమే. మంచం మారినా బెదిరేవాళ్లను ఊళ్లు మార్చడం న్యాయం కాదు. వంతులు తప్పకపోతే పిల్లలే మారాలి. తల్లి ఒకచోటే ఉంటుంది, బిడ్డలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఉంటారు. రాలేనివాళ్లు సహాయకురాలి జీతమైనా పంచుకోవాలి. ఎందుకంటే నిద్రలేక, ఒంటరిగా చాకిరీ చేస్తున్న కోడలి అలసట ఆమె గొంతులో వినిపిస్తుంది, అది అత్తగారికి వెంటనే అంటుకుంటుంది.

2023లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో అరవై దాటిన వారిలో సుమారు 88 లక్షల మంది డిమెన్షియాతో ఉన్నారు. చూసుకునేవాళ్లకు దారి తోచనప్పుడు వృద్ధుల సహాయం కోసం ఎల్డర్‌లైన్ 14567కు, మనసు బరువెక్కినప్పుడు టెలిమానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. రెండూ ఉచితమే.