ఇసుక యొడ్డునకు దగిన పడవ

సముద్రతీరమందలి పల్లెలలో నొక కుటుంబము క్రొత్త పడవ కొనదలచినపుడు పెద్దల సలహా నడుగుట కలదు. "ఇది యెంత దూరము పోగలదు? ఎన్ని చేపలను మోయగలదు?" అని సాధారణముగా విచారింతురు. కాని రేవు లేని యొడ్డున మొదట విచారింపవలసినది వేఱు: ఈ పడవ కెరటములను దాటి పోయి, మరల క్షేమముగా నిసుక జేరగలదా?

మన తూర్పుతీరమున విశాఖపట్టణము, కాకినాడ వంటి రేవులున్నను, పెక్కు పల్లెలకు ఇసుకయే రేవు. నడిసముద్రము శాంతముగా నున్న దినమున సైతము, లోతు తగ్గిన చోట అల యడుగుభాగము మందగించును. పైభాగము ముందునకు దూకి విరుగును. పడవకు పెద్ద గండము ఆ కొద్ది గజములలోనే యున్నది.

అలనీటి నెదుర్కొనుటకు రెండు మార్గములు కలవు. మొదటిది, నీటిని లోనికి రానీయకుండుట. గ్రీన్లాండు మొదలగు శీతలదేశముల ఇన్యూట్ జనులు సీలుచర్మము గప్పిన కయాకు అను సన్నని పడవలో, నడుముచుట్టు తోలు బిగించుకొని వేటాడెడివారు. రెండవది, వచ్చిన నీటిని వచ్చినట్లే పోనిచ్చుట. ఇది మన తెప్ప ధర్మము. తేలిక దుంగలను త్రాళ్లతోగాని కొయ్యచీలలతోగాని కూర్చిన తెప్పకు నీరు నిలుచు గర్భమే లేదు. కావున నది నిండదు. నేడు ప్లాస్టికుతో జేయు, పైని గూర్చుండు కయాకులకును నీరు జాఱు రంధ్రము లుండుట యిందులకే.

పైకప్పు లేని సాధారణపు పడవకు ఈ రెండు రక్షణలును లేవు. ఒక్క పెద్ద యల దానిని నింపగలదు. దుంగతెప్పల స్థానమున ఇపుడు ఫైబరు తెప్పలు విరివిగా వచ్చినవి. దుంగ తనంతట తేలును. ఫైబరు రేకు తేలదు. కావున వానిలో గట్టిగా మూసిన యరలు, తేలిక నురుగుపదార్థము నింపినవి, తప్పక యుండవలెను.

కొనుటకు ముందు ఈ పరీక్షలు చేయుడు. పడవను నిశ్చలమైన కాలువలో నీటితో నింపి, మరయు మనుష్యులును నుండగా తేలునో లేదో చూడుడు. వేట నుండి యలసి వచ్చిన వారెందఱో, వారే దానిని గట్టున కీడ్వగలరేమో లెక్కించుడు. అడుగు చదునుగా నుండి, ఇసుక రాపిడి కోర్చునట్లు మందముగా నుండవలెను. ముందుభాగము ఎత్తుగా నుండవలెను. తిరిగి వచ్చునపుడు అల వెనుకనుండి లేపి పడవను అడ్డముగా ద్రిప్పును. బోల్తాపడుట తఱచుగా నపుడే. అందువలన వెనుకభాగమును కూచిగా నుండుట మేలు. ఒడ్డు సమీపించినపుడు మరపంకాను పైకెత్త వీలుండవలెను. తెడ్డు సిద్ధముగా నుండవలెను.

వెల తగ్గించుకొనుటకై మూసిన యరలను మానిపించువా రుండవచ్చును. వారిని పెద్దలైన మీరు వారింపుడు. పడవకై చేసిన ఋణము కొన్ని యేండ్లకైనను తీరును. కెరటములలో బోయిన మనుష్యుడు తిరిగి రాడు.