ఆటోమేటిక్ బండి: 6 గేర్లా, 8 గేర్లా? రైతు లెక్కలో ఏది లాభం?

బేనిషా, ఇమాం పసంద్ పెట్టెలు నేరుగా కస్టమర్ ఇంటికి చేర్చడం మీద వీడియో పెట్టినప్పటి నుంచి చాలామంది ఫోన్ చేసి అడుగుతున్నది ఒకటే. "అన్నా, డెలివరీకి ఆటోమేటిక్ బండి తీసుకుందామనుకుంటున్నా. 8 గేర్లుంటే మైలేజీ జాస్తి వస్తుందంట, నిజమేనా?" పై వీడియోలో బండి నడిపి చూపించినాను. లెక్కలు మాత్రం ఇక్కడ రాస్తున్నా, నిదానంగా చదువుకోండి.

గేర్లు పెరిగితే ఏమవుతుంది?

ఒకే ఎత్తు మిద్దెకు ఒక ఇంట్లో 4 మెట్లు, ఇంకో ఇంట్లో 8 మెట్లు ఉన్నాయనుకోండి. ఎక్కే ఎత్తు ఒకటే. కానీ 4 మెట్ల ఇంట్లో ప్రతి అడుగుకీ మోకాలు పట్టేస్తుంది. ఇంజనుకూ అంతే. గేర్లు తక్కువైతే మార్చిన ప్రతిసారీ ఆర్‌పీఎం బాగా పడిపోతుంది, బండి నీరసపడుతుంది. గేర్లు ఎక్కువైతే ఇంజను తనకు బలం ఉన్న ఆర్‌పీఎం దగ్గరే ఉంటుంది. పికప్ బాగుంటుంది, డీజిల్ కొంత మిగులుతుంది.

1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో జనరల్ మోటార్స్ ఇచ్చిన హైడ్రామాటిక్ ఆటోమేటిక్‌కు 4 గేర్లు. జర్మనీ కంపెనీ జెడ్‌ఎఫ్ 2009లో 8 గేర్లది తెచ్చింది. 2017కు ఫోర్డ్, జనరల్ మోటార్స్ కలిసి తయారు చేసిన 10 గేర్లది రోడ్డెక్కింది. తన 6 గేర్ల పెట్టెతో పోలిస్తే 8 గేర్లది ఇంధనం 6 శాతం దాకా ఆదా చేస్తుందని జెడ్‌ఎఫ్ చెప్పింది. అంటే గేర్లు 33 శాతం పెరిగితే ఆదా 6 శాతం. అది కూడా లోడు లేని కారు మీద.

అసలు చూడాల్సింది రేషియో

షోరూంలో గేర్లు ఎన్ని అని అడిగి వచ్చేయకండి. ఫస్ట్ గేర్ రేషియోను టాప్ గేర్ రేషియోతో భాగించి చూడండి. జెడ్‌ఎఫ్ 6 గేర్ల పెట్టెలో అది 4.17ను 0.69తో భాగిస్తే సుమారు 6. 8 గేర్ల దాంట్లో 4.71ను 0.67తో భాగిస్తే సుమారు 7. ఫస్ట్ గేర్ నంబరు పెద్దదైతే లోడుతో కదలడం సులభం. టాప్ గేర్ నంబరు చిన్నదైతే హైవే మీద ఇంజను నిదానంగా తిరుగుతుంది. నడిమి గేర్లు ఎన్ని ఉన్నా ఈ రెండు చివర్లు సరిగా లేకపోతే లాభం తక్కువ.

మన ప్రాంతంలోనే ఉదాహరణ ఉంది. శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్ 1.9 లీటర్ డీజిల్ ఆటోమేటిక్‌కు 6 గేర్లే. దాని 360 ఎన్‌ఎం టార్క్ 2000 నుంచి 2500 ఆర్‌పీఎం మధ్య వస్తుంది. కింది ఆర్‌పీఎంలోనే బలమిచ్చే ఇలాంటి డీజిల్ ఇంజనుకు 10 గేర్ల అవసరం పెద్దగా ఉండదు.

మొగిలి ఘాట్ పరీక్ష

చిత్తూరు నుంచి బంగారుపాళెం, మొగిలి ఘాట్ దాటి పలమనేరు చేరేసరికి మూడు వందల మీటర్లకు పైగా ఎత్తు ఎక్కుతాం. నిండు లోడుతో ఎక్కేటప్పుడు, గేర్లు ఎక్కువున్న ఆటోమేటిక్ ఒక్కోసారి 4కా 5కా అని తడబడి, ఊరికే మారుస్తూ ఉంటుంది. అప్పుడు మాన్యువల్ మోడ్‌లో పెట్టి ఒక గేర్ పట్టి ఉంచండి. గేర్‌బాక్స్ వేడి తగ్గుతుంది, డీజిలూ తగ్గుతుంది.

దిగేటప్పుడు ఇంకా ముఖ్యం. తిరుమల ఘాట్ అయినా, భాకరాపేట ఘాట్ అయినా న్యూట్రల్ వేయొద్దు. గేర్‌లో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇప్పటి ఇంజన్లలో డీజిల్ పోయడమే ఆగిపోతుంది. న్యూట్రల్‌లో ఐడిలింగ్‌కు డీజిల్ తాగుతూనే ఉంటుంది, బ్రేకులూ కాలిపోతాయి. కింది గేర్ పట్టుకుని దిగండి. ఇది మైలేజీ సంగతి కాదు, ప్రాణం సంగతి.

ఆటోమేటిక్ అంతా ఒకటి కాదు

ఏఎంటీ అంటే మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్, గేర్ మార్చే పని మన బదులు మోటారు చేస్తుంది, అందుకే మైలేజీ మాన్యువల్‌కు దగ్గరగా వస్తుంది. టార్క్ కన్వర్టర్‌లో బలం ఆయిల్ ద్వారా పోతుంది కాబట్టి నిదానంగా పోయేటప్పుడు కొంత వేడిగా వృథా అవుతుంది. వేగం అందుకున్నాక లాకప్ క్లచ్ పడితే ఆ నష్టం తగ్గుతుంది. తిరుపతి బస్టాండు దగ్గర ట్రాఫిక్‌లో ఆగుతూ సాగుతూ పోతే 6 గేర్లయినా 8 గేర్లయినా తేడా తెలీదు. అక్కడ తిరిగేది ఒకటి, రెండు, మూడు గేర్లే.

రూపాయల్లో చూద్దాం

చిత్తూరు నుంచి బెంగళూరు పోయి రావడానికి 360 కిలోమీటర్లు, లీటరుకు 12 కిలోమీటర్లు, డీజిల్ లీటరు 100 రూపాయలు అనుకుందాం. ఒక ట్రిప్పుకు 30 లీటర్లు, 3000 రూపాయలు. గేర్లు పెరిగినందుకు 6 శాతం పూర్తిగా మిగిలిందనే అనుకున్నా 180 రూపాయలు. ఏడాదికి 50 ట్రిప్పులకు 9000. దానికోసం బండి మీద లక్ష ఎక్కువ పెడితే, ఆ లక్ష తిరిగి రావడానికి 11 ఏళ్ళు దాటుతుంది.

అదే ట్రిప్పులో తిరిగొచ్చేటప్పుడు ఖాళీగా రాకుండా పక్క రైతుకు కావాల్సిన ఖాళీ క్రేట్లో, విత్తనాలో వేసుకొచ్చి 500 బాడుగ తీసుకుంటే? ఏడాదికి 25 వేలు. ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి ఒకే బండిలో లోడు పంపితే ఇంకా మేలు. టైర్లలో గాలి సరిగా పెట్టుకోవడానికి ఖర్చు కూడా లేదు.

ట్రాక్టర్‌కూ ఇదే సూత్రం

8+2 కంటే 12+3 గొప్పదని కాదు. మీరు చేసే పని వేగానికి సరిపడే గేర్ ఉందా అన్నదే లెక్క. గుంటక తోలడం, ట్రాలీ లాగడం లాంటి తేలిక పనుల్లో గేర్ పెంచి, యాక్సిలరేటర్ తగ్గించండి. నల్ల పొగ వచ్చినా, ఇంజను మూలిగినా ఒక గేర్ దించండి. రోటవేటర్‌కు మాత్రం పీటీఓ వేగం కావాలి కాబట్టి అక్కడ ఈ చిట్కా పనిచేయదు.

ఘాట్ రోడ్డు, కాళ్ళ నొప్పులు, రోజూ ట్రాఫిక్ ఉన్నవాళ్ళు ఆటోమేటిక్ తీసుకోండి, సుఖం ఉంటుంది. మైలేజీ కోసమే అయితే గేర్ల నంబరు చూసి లక్షలు పెట్టొద్దు. కొనే ముందు మీ లోడు అంత బరువు వేసి, మీరు తిరిగే రోడ్డు మీదే ట్రయల్ అడగండి. 80 కిలోమీటర్ల వేగంలో ఆర్‌పీఎం ఎంతుందో రాసుకోండి. ఆ నంబర్లు, మీ నెల డీజిల్ బిల్లు పంపిస్తే వచ్చే వీడియోలో కూర్చుని లెక్క వేద్దాం.