గోదావరి డెల్టా పెరటి తోటల్లో కలుపు తీత, నేల తయారీ: చేతి పనిముట్ల ఎంపిక – వినియోగం

పెరటి తోట విస్తీర్ణం చిన్నదే అయినా అందులోని కలుపు సమస్య చిన్నది కాదు. ఒకే మడిలో తోటకూర, వంగ, బెండ, పక్కనే ఆనప పాదు, గట్టు మీద కనకాంబరం ఉన్నచోట అన్ని మొక్కలకూ క్షేమకరమైన కలుపు మందు ఏదీ లేదు. కోసిన కూర అదే పూట వంటింటికి చేరుతుంది కనుక మందు ఆలోచన అసలే తగదు. అందువల్ల పెరటిలో కలుపు నివారణ పూర్తిగా చేతిపని. ఈ పని ఎక్కువగా స్త్రీల మీదనే పడుతున్నది.

పనిముట్టు తగినది కాకపోతే నష్టం రెండు విధాలుగా ఉంటుంది. నడుము, మణికట్టు నొప్పులు అందరికీ తెలిసినవే. అంతగా గమనానికి రానిది రెండవది: తగని పనిముట్టు కలుపును తగ్గించకపోగా పెంచుతుంది. కాబట్టి కలుపు నేలలో ఏ రూపంలో జీవిస్తున్నది, నేల ఏ పదునులో ఉన్నది, పట్టుకునే మనిషి ఎంత ఎత్తు అనే విషయాలను చూసిన తరువాతే పనిముట్టును నిర్ణయించుకోవాలి.

డెల్టా నేలల స్వభావం

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత కాలువల నీరు డెల్టాను మాగాణిగా మార్చింది. ఏడాదిలో ఎక్కువ కాలం తేమ నిలిచే ఈ నేలల్లో పంటతో పాటు కలుపు కూడా ఏపుగా పెరుగుతుంది. అయితే డెల్టా అంతటా నేల ఒకే తీరున ఉండదు. కాలువల కింది పల్లపు భూముల్లో బంకమన్ను పాలు ఎక్కువ. ఇది తడిస్తే ఉబ్బి పారకు అంటుకుంటుంది. ఎండితే బిగుసుకొని నెర్రెలిస్తుంది. నదీ పాయల మధ్య ఉన్న లంక భూముల్లో ఒండ్రుతో కలిసిన తేలిక నేలలు, కోనసీమ సముద్రతీరంలో ఇసుక నేలలు ఉన్నాయి.

తేలిక నేలలో తడి పెట్టిన మరునాడో, ఆ మరునాడో పని సాగుతుంది. బంక నేలలో పదును కుదిరే వ్యవధి చాలా తక్కువ. ముందుగా తవ్వితే మట్టి ముద్దలై, ఆరిన తరువాత రాళ్ళవంటి పెళ్ళలు కడుతుంది. ఆలస్యమైతే పార దిగదు. పదునును తెలుసుకోవడానికి జానెడు లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి పిసికి, నడుము ఎత్తు నుంచి వదలాలి. పొడిగా విడిపోతే తవ్వవచ్చు. ముద్దగానే ఉండిపోతే మరికొన్ని రోజులు ఆగాలి. ఈ పరీక్షకు ఖర్చు లేదు. మంచి పార చేయలేని మేలును ఇది చేస్తుంది.

కలుపు జీవించే చోటు

1977లో హోమ్, ఆయన సహరచయితలు వెలువరించిన ప్రపంచ కలుపు మొక్కల గ్రంథంలో తుంగకు మొదటి స్థానం, గరికకు రెండవ స్థానం, ఊదకు మూడవ స్థానం దక్కాయి. ఈ మూడూ గోదావరి డెల్టాకు సుపరిచితాలే. అయితే మూడింటి జీవన విధానం వేరు కాబట్టి మూడింటికీ ఒకే పనిముట్టు పనికిరాదు.

ఊద ఏకవార్షికం, గింజ ద్వారా వ్యాపిస్తుంది. గింజ కట్టకముందే, మూడు నాలుగు ఆకుల దశలో నేల పైపొరను దోకితే సరిపోతుంది. లోతుగా తవ్వితే అడుగున నిద్రాణంగా ఉన్న గింజలు పైకి వచ్చి మొలుస్తాయి.

గరిక పాకే కాండాల ద్వారా, భూమిలోని కాండాల ద్వారా వ్యాపిస్తుంది. పదునైన పారతో తవ్వినప్పుడు ఈ కాండం ముక్కలవుతుంది. కణుపు ఉన్న ప్రతి ముక్కా కొత్త మొక్కగా ఎదగగలదు. కనుక గరికను నరకకూడదు. మట్టిని వదులు చేసి, తీగను పొడవుగా లాగి ఏరివేయాలి.

తుంగ మరింత మొండిది. దాని గడ్డలు సన్నని వేరువంటి కాండంతో గొలుసుగా కూడి ఉంటాయి. గొలుసు తెగనంతవరకు అగ్రాధిక్యత వల్ల కొన్ని గడ్డలు నిద్రావస్థలో ఉంటాయి. పారతో గొలుసును తెంపినప్పుడు ఆ గడ్డలు మేల్కొని మొలకెత్తుతాయి. ఒకసారి తవ్వి వదిలిన మడిలో తుంగ రెట్టింపయిందని రైతులు చెప్పడంలో అతిశయోక్తి లేదు. పైకి వచ్చిన మొలక సుమారు మూడు వారాల్లో కొత్త గడ్డలు పెట్టడం మొదలుపెడుతుంది. కాబట్టి రెండు వారాలకు ఒకసారి మొలకను తొలగిస్తూ పోతే పాత గడ్డలోని నిల్వ ఆహారం క్రమంగా హరించుకుపోతుంది. ఇక్కడ పనిముట్టు కంటే క్రమం తప్పని విరామమే ముఖ్యం.

గంగపాయల కూర విషయంలో మరో జాగ్రత్త అవసరం. పీకి తడి నేలపై వదిలితే అది మళ్ళీ వేళ్ళూనుతుంది. ఏరి, ఎండ తగిలే గట్టు మీద వేయాలి.

ఏ పనికి ఏ పనిముట్టు

పార: మట్టిని ఎత్తడానికి, మడులు కట్టడానికి, కాలువలు తీయడానికి సరైనది. తుంగ, గరిక పట్టిన చోట కలుపు తీతకు వాడరాదు.

గునపం: ఎండి గట్టిపడిన బంక నేలను పెకలించడానికి, పాదులకు గుంతలు తీయడానికి, మోడులు ఎత్తడానికి ఉపయోగపడుతుంది.

నాలుగు పళ్ళ ఫోర్కు: గరిక తీగను, తుంగ గడ్డలను తెగకుండా పైకి తేవడానికి ఉత్తమం. తేలిక నేలలో ఎప్పుడైనా, బంక నేలలో పదును ఉన్నప్పుడు మాత్రమే వాడాలి. బిగిసిన నేలలో బలంగా తొక్కితే పళ్ళు వంగుతాయి.

దోకుడుపార: గింజ నుంచి మొలిచిన లేత కలుపును రెండు మూడు సెంటీమీటర్ల లోతులో కోసి పారేస్తుంది. అంచు పదునుగా, మడి పొడిగా ఉండాలి. ఉదయం దోకితే మధ్యాహ్నపు ఎండకు కలుపు వాడిపోతుంది.

తొలిక: ఒత్తుగా చల్లిన తోటకూర, గోంగూర, పాలకూర మడుల్లో మొక్కల మధ్య కలుపు తీయడానికి తగినది. కూర్చుని చేయవలసిన పని కాబట్టి దీన్ని చిన్న మడులకే పరిమితం చేయాలి.

చక్రపు పార: నిలబడి నెట్టుతూ కలుపు తీసే ఈ పరికరంలో భోపాల్‌లోని కేంద్రీయ వ్యవసాయ ఇంజినీరింగ్ సంస్థ రూపొందించిన రెండు చక్రాల నమూనా ఉన్నది. వరుసల మధ్య కనీసం 30 సెంటీమీటర్ల ఎడం ఉన్న బెండ, వంగ మడుల్లో, తేలిక నేలల్లో ఇది బాగా పనిచేస్తుంది. తడి బంకమన్నులో చక్రాలకు మట్టి పట్టి కదలదు. వరిలో వాడే కోనో వీడర్‌కు పలుచని నీరు అవసరం కాగా, దీనికి పొడి పదును అవసరం. ఈ తేడాను రైతుకు స్పష్టంగా చెప్పాలి.

నేల తయారీ క్రమం

వేసవిలో కాలువలు కట్టేసిన రోజులు తుంగ నివారణకు అనుకూలమైనవి. ఏప్రిల్ – మే నెలల్లో గునపంతో పెళ్ళలు తిరగవేసి, గడ్డలు పైకి వచ్చేలా ఎండకు విడిచిపెట్టాలి. ఎండ నేరుగా తగిలి తేమ బాగా కోల్పోయిన గడ్డలు చనిపోతాయి. కొబ్బరి నీడలో ఈ ఫలితం రాదు. అక్కడ గడ్డలను ఏరి బయట వేయాలి. పెళ్ళలను వెంటనే పగలగొట్టనక్కరలేదు. తొలకరి జల్లులకు బంకమన్ను ఉబ్బి, ఆరి, తనంతట తానే విచ్చుకుంటుంది. అప్పుడు స్వల్ప శ్రమతో పొడి చేయవచ్చు.

అక్టోబరు, నవంబరు వానలకు పల్లపు పెరళ్ళలో నీరు నిలుస్తుంది కాబట్టి 15 – 20 సెంటీమీటర్ల ఎత్తైన మడులు మేలు. వెడల్పు మీటరుకు మించకుండా ఉంటే రెండు వైపుల నుంచీ చేయి అందుతుంది. మడిని తొక్కవలసిన అవసరం రాదు. తొక్కని మడిలో మరుసటి పంటకు తవ్వకం సగం తగ్గుతుంది.

విత్తడానికి ముందు మడిని తడిపి పది, పదిహేను రోజులు వదలాలి. మొలిచిన కలుపును దోకుడుపారతో పైపైన తీసివేసి, మట్టిని మళ్ళీ తిరగవేయకుండా విత్తాలి. కొనుగోలు చేసిన నర్సరీ మొక్కల వేరు మట్టిలో తుంగ గడ్డలు ఉన్నాయేమో చూసిన తరువాతే నాటాలి. శుభ్రంగా ఉన్న పెరటిలోకి తుంగ తరచుగా ప్రవేశించే మార్గం ఇదే.

మనిషికి తగిన కామ

మన వ్యవసాయ పనివారిలో పురుషుల సగటు ఎత్తు సుమారు 163 సెంటీమీటర్లు, స్త్రీలది సుమారు 152 సెంటీమీటర్లు. అయినా బజారులో దొరికే పార, దోకుడుపార చాలావరకు ఒకే కొలతతో ఉంటాయి. నిలబడి వాడే దోకుడుపార కామ నేల నుంచి భుజానికి, గడ్డానికి మధ్య వరకు రావాలి. అంతకన్నా పొట్టిదైతే వంగక తప్పదు. కామ మరీ లావైతే చిన్న అరచేతికి పట్టు కుదరదు. బొటనవేలు, చూపుడువేలు ఒకదాన్నొకటి తాకే లావు చాలు. తుమ్మ కర్ర గట్టిదే గాని బరువు. నెట్టే, లాగే పనికి బాగా పండిన వెదురు తేలికగా ఉంటుంది. పార పెట్టెలో కామ కదులుతుంటే మణికట్టుకు అదురు తగులుతుంది కనుక చీల కొట్టి బిగించాలి.

అంచు మొద్దుబారిన దోకుడుపార కలుపును కోయక నెడుతుంది, శ్రమ పెరుగుతుంది. వారానికి ఒకసారి ఆకురాయితో లోపలి వైపు మాత్రమే అంచు తీయాలి. ఉప్పుగాలి తగిలే తీర గ్రామాల్లో తుప్పు త్వరగా పడుతుంది కాబట్టి పని కాగానే మట్టి కడిగి, తుడిచి, నూనె రాసి నీడన ఉంచాలి.

విస్తరణ సిబ్బందికి, విద్యార్థులకు

అన్ని గ్రామాలకూ ఒకే పనిముట్ల సంచిని పంపిణీ చేసే పద్ధతిలో లంక గ్రామానికి తగినది పల్లపు గ్రామానికి చేరి అటకెక్కుతుంది. పంపిణీకి ముందు గ్రామంలోనే ఒక మడిలో రెండు మూడు పనిముట్లను పక్కపక్కన ఉంచి, పని చేసే స్త్రీలచేతనే వాడించి, వారి మాట విన్న తరువాతే ఎంపిక చేయాలి. కామ కొలతను గ్రామపు కమ్మరి, వడ్రంగి సులభంగా మార్చగలరు. ఆ పనిని వారికే అప్పగిస్తే మరమ్మతు కూడా ఊళ్ళోనే జరుగుతుంది.

విద్యార్థులు ఈ ప్రదర్శనలను చిన్న పరిశోధనగా మలచుకోవచ్చు. పది చదరపు మీటర్ల మడికి పట్టిన నిమిషాలు, తీసిన వెంటనే మిగిలిన కలుపు, పదిహేను రోజుల తరువాత తిరిగి మొలిచిన కలుపు, పని చేసినవారు చెప్పిన నొప్పి ఉన్న భాగాలు – ఈ నాలుగింటిని నేల రకంతో సహా నమోదు చేయాలి. పనిముట్టు పనితీరును తీసిన రోజు కలుపు లెక్కతో కాక, పదిహేనవ రోజు లెక్కతో అంచనా వేయాలి. తుంగ, గరికల విషయంలో ఈ రెండు లెక్కలూ తరచుగా పరస్పరం భిన్నమైన ఫలితాన్ని చూపుతాయి.