గడప దగ్గరే గర్భిణికి అడ్డు

న్యూఢిల్లీ: సూరత్ నగరంలో తపతీ నదికి పడమటి ఒడ్డున ఉన్న అడాజన్, ఉద్యోగుల కుటుంబాలు విరివిగా కాపురముండే పేట. ఆ పేటను ఏలే నగరపాలక సంస్థలోని ఉద్యోగినులకు 2020 ఫిబ్రవరి 20న, ఆ సంస్థవారి వైద్యశాలలోనే జరిగిన పరాభవం రాజధాని వరకూ వచ్చింది.

శిక్షణకాలం ముగిసిన మహిళా గుమాస్తాలను దేహదారుఢ్య పరీక్షకు పిలిచారు. సుమారు పదిమందిని ఒకేచోట వివస్త్రలుగా నిలబెట్టారనీ, అవివాహితలను సైతం గర్భం ధరించారా అని ప్రశ్నించారనీ ఉద్యోగుల సంఘం ఆరోపించింది. కమిషనరు ముగ్గురితో విచారణ సంఘాన్ని నియమించారు. జాతీయ మహిళా కమిషన్ కూడా విషయాన్ని చేపట్టింది. ఉద్యోగుల సంఘం పరీక్షను కాదనలేదు, జరిపిన తీరునే ఆక్షేపించింది. అసలు ఆ ప్రశ్నే ఆక్షేపణీయమని ఈ రచయిత అభిప్రాయం. దస్త్రాలు రాసేందుకు, కడుపుతో ఉండటానికి సంబంధమేమిటి?

ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు 1991లోనే సమాధానం చెప్పియున్నది. జీవిత బీమా సంస్థలో ప్రొబేషన్‌పై చేరిన నీరా మాథుర్ ప్రసూతి సెలవుపై వెళ్లగా, ఆరోగ్య ప్రకటన పత్రంలో ఋతుక్రమం గురించి అబద్ధం రాసిందన్న నెపంతో ఆమెను తొలగించారు. ఋతుక్రమాన్ని, కాన్పులను, గర్భస్రావాలను ఆరా తీసే ఆ పత్రమే స్త్రీ గౌరవానికి భంగకరమని న్యాయస్థానం భావించింది. ఆమెను తిరిగి కొలువులోకి తీసుకోవలసిందనీ, ఆ గళ్లను తొలగించవలసిందనీ ఆదేశించింది. అంతకు పదేళ్ల ముందు, 1981లో, తొలి గర్భంతోనే విమాన పరిచారిక ఉద్యోగం ఊడగొట్టే నిబంధనను కొట్టివేసినదీ ఈ న్యాయస్థానమే.

అయినా పాత అలవాటు పోలేదు. మూడు నెలలు దాటిన గర్భిణులు కొత్త నియామకాలకు తాత్కాలికంగా అనర్హులని భారతీయ స్టేట్ బ్యాంకు నిబంధన తెచ్చి, దుమారం రేగిన మీదట 2022 జనవరిలో ఉపసంహరించుకున్నది.

చట్టం లేకపోలేదు. సూరత్ నాడు బొంబాయి రాష్ట్రంలో ఉండేది. అక్కడి ఫ్యాక్టరీ స్త్రీలకు 1929లోనే ప్రసూతి ప్రయోజన శాసనం వచ్చింది. 1961 నాటి కేంద్ర చట్టం, దాని 2017 సవరణ, వాటి స్థానంలో 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి: ఇదీ క్రమం. గడచిన పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసిన స్త్రీకి మొదటి రెండు కాన్పులకు 26 వారాల వేతన సెలవు ఉన్నది. ఆ సెలవులో ఉండగా తొలగించడం నిషిద్ధం.

అయితే ఈ రక్షణ లోపల ఉన్నవారికే. ‘పెళ్లెప్పుడు, పిల్లలెప్పుడు’ అని ఇంటర్వ్యూలో అడిగి వెనక్కి పంపిన యజమానిని పట్టుకునేదెవరు? చీరలకు రాళ్లు అతికి, ముక్కకింత చొప్పున కూలి తీసుకునే సూరత్ ఇల్లాళ్లకైతే యజమాని ఎవరో కూడా తెలియదు.

ఇక యజమాని భయానికి మూలం ఖర్చులో ఉన్నది. ఉద్యోగుల బీమా వర్తించనిచోట 26 వారాల జీతమూ అతడే భరించాలి. అందుచేత స్త్రీకి ఇచ్చిన హక్కే ఆమెను తీసుకోకపోవడానికి సాకు అవుతున్నది. 1928లో బొంబాయి శాసనమండలిలో డాక్టర్ అంబేద్కర్ యజమానుల బాధ్యతను ఒప్పుకుంటూనే, ఈ భారంలో అధిక భాగం ప్రభుత్వమే మోయవలసిందన్నారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000 సంవత్సరపు ఒడంబడిక కూడా దీనిని సామాజిక బీమా ద్వారానో ప్రభుత్వ నిధులతోనో భరించాలంటున్నది. దానిపై భారతదేశం ఇంకా సంతకం పెట్టలేదు.