కరెంటు పోతే ముందు అయిపోయేది నీళ్లే!

రోహిణి కార్తె ఎండల్లో మార్కాపురం, గిద్దలూరు వైపు కరెంటు పోయిందంటే బాధ ఉక్కపోత ఒక్కటే కాదు. ఇక్కడ చాలా ఇళ్లకు బోరే ఆధారం. మోటారు ఆగితే వంటింట్లో కుళాయీ ఆగినట్టే.

అందుకే ఇన్వర్టరు కొనేముందు నీళ్ల సంగతి చూసుకోండి. ఇళ్లలో పెట్టుకునే మామూలు ఇన్వర్టరు బోరు మోటారును లాగలేదు. స్టార్టయ్యేటప్పుడు మోటారుకు ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటు కావాలి. దుకాణంలో "అన్నీ నడుస్తాయమ్మా" అంటే నమ్మేయకండి. కరెంటు ఉన్నప్పుడే మిద్దె మీద ట్యాంకు నింపుకోవడం, తాగేందుకు రెండు బిందెలు విడిగా పెట్టుకోవడం... పైసా ఖర్చులేని ఏర్పాటిది. తుపాను హెచ్చరిక ఉన్న రోజున మరీ అవసరం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో రోజుల తరబడి కరెంటు లేక జనం నీళ్లకు అల్లాడిపోయారు.

ఇక ఇన్వర్టరు లెక్క. 12 వోల్టుల, 150 ఏహెచ్ బ్యాటరీలో 1800 వాట్-అవర్లు ఉంటాయి. పోయేది పోగా 1100 చేతికొస్తాయనుకోండి. 75 వాట్ల పాత ఫ్యాన్లు రెండు, 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు నాలుగు వేస్తే ఆరుగంటలకు అయిపోతుంది. అదే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే పదకొండు గంటలొస్తుంది. పెద్ద బ్యాటరీకి పెట్టే డబ్బు ఫ్యాన్లకు పెట్టడమే మేలు.

బ్యాటరీలో పోసే నీళ్ల దగ్గర మాత్రం పొదుపొద్దు. మన బోరు నీళ్లలో ఫ్లోరైడు, లవణాలు ఎక్కువ. పోస్తే ప్లేట్లు పాడవుతాయి. క్యాన్ల నీళ్లూ పనికిరావు. డిస్టిల్డ్ వాటరే పోయాలి. చార్జింగులో హైడ్రోజన్ వాయువు వస్తుంది కనుక దీపం వెలిగించే పూజగదిలోనూ, గాలాడని అల్మరాలోనూ బ్యాటరీ పెట్టకండి.

పలకలకు పేరుపడ్డ మార్కాపురంలో ఇప్పుడు మిద్దెల మీద సోలార్ పలకలూ వస్తున్నాయి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో సబ్సిడీ ఉంది కదా! కానీ గ్రిడ్డుకు కలిపిన సోలార్, వీధిలో కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. లైనుమీద పనిచేసేవాళ్లకు షాకు కొట్టకుండా అలా చేస్తారు. బ్యాటరీతో హైబ్రిడ్ ఇన్వర్టరు ఉంటేనే ఇంట్లో వెలుగు. పెట్టించుకునేటప్పుడే అడగండి.

ఇన్సులిన్ వాడే అత్తగారో మామగారో ఉన్న ఇళ్లలో ఇంకో జాగ్రత్త. తలుపు తీయకపోతే ఫ్రిజ్‌లో నాలుగు గంటలదాకా చల్లదనం నిలుస్తుంది. అంతకు మించితే సీసాను తడి తగలని డబ్బాలో పెట్టి, మట్టికుండ నీళ్లలో తేలనివ్వండి. ఐసుముక్కలకు ఆనించకండి. గడ్డకడితే ఆ మందు ఇక వాడకూడదు.