ముందు బూటు, ఆ తర్వాతే పెడల్

వికారాబాద్ నుంచి తాండూరుకు సైకిల్ మీద బయల్దేరినవాళ్లు పట్టుమని పది కిలోమీటర్లు కూడా కాలు కింద పెట్టకుండా పోలేరు. మూసీ పుట్టిన అనంతగిరి గుట్టల్లో పద్మనాభస్వామి గుడి ఉంది. అక్కడ బూట్లు విప్పాలి, మెట్లు దిగాలి, మళ్లీ తొడుక్కోవాలి. దారిలో టీ కొట్లున్నాయి, తాండూరు చేరితే బజారుంది. ఇలాంటి యాత్రకు క్లిప్‌లెస్ పెడళ్లు కొనేటప్పుడు మొదట తేల్చుకోవాల్సింది పెడల్ బరువూ కాదు, ధరా కాదు. సైకిల్ దిగాక వాటికి వాడే బూటుతో మామూలుగా నడవగలమా అన్నది. చాలామంది పెడల్ కొనేసి, దానికి సరిపోయే బూటు కోసం తర్వాత వెతుక్కుంటారు.

ఈ పెడళ్ల పనితీరు తేలికే. బూటు అడుగున బిగించిన క్లీట్ అనే ముక్క పెడల్‌లోని స్ప్రింగ్ కొక్కేనికి టక్కున పట్టుకుంటుంది, మడమను బయటికి తిప్పితే ఊడుతుంది. వీటిలో రెండు తెగలు ముఖ్యం. ఫ్రాన్స్‌కు చెందిన లుక్ కంపెనీ 1984లో తెచ్చిన తరహాలో క్లీట్ పెద్ద ప్లాస్టిక్ ముక్క, మూడు బోల్టులతో బూటు అడుగు నుంచి బయటికి పొడుచుకొని ఉంటుంది. మరుసటి ఏడాదే సైకిల్ రేసర్ బెర్నార్డ్ ఇనో ఆ పెడళ్లతో టూర్ ద ఫ్రాన్స్ రేసు గెలవడంతో వాటికి పేరొచ్చింది. రెండో తెగ జపాన్ కంపెనీ షిమానో 1990లో తెచ్చిన ఎస్‌పీడీ. ఇందులో క్లీట్ చిన్న ఉక్కు ముక్క, రెండే బోల్టులు, రబ్బరు గాట్ల మధ్య లోపలికి దిగి ఉంటుంది. నేలకు ముందు రబ్బరే తగులుతుంది. తాండూరంటే నాపరాయి, వాకిలైనా, టీ కొట్టు అరుగైనా బండలే. వాటి మీద నీళ్లు పడి ఉంటే మూడు బోల్టుల బూటుతో రెండడుగులు వేయడం కూడా గండమే. యాత్రకు రెండు బోల్టులదే సరి.

పెద్ద క్లీట్, గట్టి అడుగు ఉంటే బలం వృథా కాదు కదా అంటారు. పాదం మీద ఒత్తిడి సర్దుకుంటుందన్న మాట నిజమే. కానీ చేత్తో వంచితే ఓ మోస్తరుగా మాత్రమే వంగే టూరింగ్ బూటు ఆ పని చాలావరకు చేస్తుంది. ఇక పెడల్‌ను పైకి లాగితే శక్తి కలిసొస్తుందన్న ప్రచారం సంగతి. పైకి లాగుతూ తొక్కమన్నప్పుడు అదే పనికి సైక్లిస్టులకు ఎక్కువ శక్తి ఖర్చయిందని 2007లో వెలువడిన ఒక ప్రయోగం తేల్చింది. బూటు పెడల్‌కు పట్టి ఉండటం వల్ల అసలు లాభం వేరు. నాపరాళ్ల లారీలు, సిమెంటు లారీలు నలగ్గొట్టిన రోడ్డు మీద గతుకు తగిలినా పాదం జారదు, పెట్టిన చోటే ఉంటుంది.

అలాగైతే మామూలు పెడల్, కాలికి పట్టుండే చెప్పులు చాలవా? ఈ అభ్యంతరాన్ని తీసిపారేయలేం. ఒక్కపూట కోటిపల్లి జలాశయం దాకా వెళ్లొచ్చేవాళ్లకు నిజంగానే చాలు. రెండు మూడు రోజులు తిరిగేవాళ్లకు ఒకవైపు ఎస్‌పీడీ, రెండోవైపు చదునుగా ఉండే పెడళ్లున్నాయి: గుట్ట దారిలో ఎస్‌పీడీ వైపు, బజారులో చదును వైపు. కాకపోతే కదిలిన ప్రతిసారీ ఏ వైపు పైకొచ్చిందో చూసుకోవాలి, అదొక చికాకు. పడిపోతామన్న భయం కూడా ఉత్తది కాదు. కొత్తవాళ్లు పడేది ఎక్కువగా సైకిల్ ఆగిపోయే క్షణంలోనే. స్ప్రింగ్ బిగువును అలెన్ కీతో బాగా వదులు చేసుకోవాలి, ఆగబోయే చోటుకు ముందే ఒక కాలు విడిపించుకోవాలి. షిమానో క్లీట్లలో ఎస్‌హెచ్ 51 పక్కకు తిప్పితేనే ఊడుతుంది. ఎస్‌హెచ్ 56 గట్టిగా పైకి లాగినా ఊడుతుంది. కొత్తవాళ్లు రెండోది అడిగి తీసుకోవాలి.

అయితే వానాకాలంలో రెండు బోల్టుల పద్ధతికీ ఓ తిప్పలుంది. కంది చేను గట్టు మీద కాలు పెడితే చాలు, నల్లరేగడి బూటు అడుగున క్లీట్ ఉండే గుంటలో కూరుకుపోయి పెడల్‌కు పట్టదు. పుల్లతో గీకాల్సిందే. బూట్లు సాయంత్రం పూట కొనడం మేలు, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. ఎండలో గంటల తరబడి తొక్కినప్పుడు ఉండేదీ ఆ కొలతే. లేసులకన్నా పట్టీల బూటు గుడి దగ్గర అక్కరకొస్తుంది. క్లీట్‌ను బొటనవేలి మొదట ఉండే కీలుకు కాస్త వెనగ్గా బిగించి, బోల్టులకు ముందే గ్రీజు రాయాలి. లేకపోతే ఒక్క వానాకాలం తడికే తుప్పు పట్టి, క్లీట్ అరిగాక మార్చబోతే ఊడిరావు.